శాఖ వారి సగటు కాలు

నేనడిగింది ఒక సైకిలు. ఏనుగునీ అడగలేదు, అంబారీనీ అడగలేదు. అరఠావు కాగితం మీద, ఎనిమిది వాక్యాల్లో, ఒక్క తప్పు లేకుండా అడిగాను. అదే నేను చేసిన తప్పు.

నా పేరు పల్లాలమ్మ. జలమట్ట శాఖలో గేజి రీడరుని. కాలువలో నిలబెట్టిన అంకెల పలక దగ్గరికి రోజూ పొద్దున్నే వెళ్ళి, నీళ్ళు ఏ అంకె దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయడం నా పని. దీనికి ఎమ్మెస్సీ ఎందుకని అడక్కండి, నేనూ అడగలేదు. అయిదేళ్ళు పోటీ పరీక్షలు రాసి రాసి చేతివేళ్ళు కాయలు కాశాక వచ్చిన ఉద్యోగం. అదీ ప్రొబేషను మీద. సెప్టెంబరు ముప్పై లోగా నా పేరు మీద తొంభై రోజుల అధికారిక రీడింగులు ఉంటే ఉద్యోగం ఖాయం. ఎనభై తొమ్మిదుంటే మళ్ళీ పోటీ పరీక్షలు.

మా ఇంటి నుంచి ఆఫీసుకు తారు రోడ్డు. ఆఫీసు నుంచి నా అంకెల పలక ఉన్న చింతలంక లాకు దాకా పద్నాలుగు కిలోమీటర్లు కాలువ గట్టు, గ్రావెలు రోడ్డు. నెలకొకసారి పక్కబట్టలూ బియ్యమూ కట్టుకుని శివారు గేజిల దాకా రెండు రోజుల టూరు. ఈ మూడింటికీ పనికొచ్చే సైకిలు ఏదని మా వీధి చివర సైకిలు షాపు కాలేషా గారిని అడిగాను.

కాలేషా గారు చేతులు తుడుచుకుని, ఒక పాత పంచాంగం నా చేతికిచ్చారు. "గోడకి ఆనుకుని నిలబడి, రెండు కాళ్ళ మజ్జెన ఇది పైదాకా పెట్టుకుని గోడ మీద గీత గియ్యండమ్మా. నేను అటు తిరుగుతానండి," అని వీధి వైపు తిరిగారు. గీత గీశాను. టేపు పెట్టి చూశారు. ఇరవై ఆరు అంగుళాలు.

"మీది పొట్టి కాలండి. ఏమనుకోకండి."

"ఏమనుకుంటానండి, నా కాలే కదా."

"ఉక్కు ఫ్రేమే తీస్కోండి. గ్రావెలు మీద ఒళ్ళు హూనం కాకుండా కాత్త సాగుద్దండి. శివార్లో విరిగినా ఏ వెల్డింగు షాపోడైనా అతికేత్తాడు. లావు టైరు పట్టేలా ఫోర్కులో సందుండాలి. క్యారియరుకీ మడ్‌గార్డుకీ బోల్టు కన్నాలుండాలి. సీటు ముందుండే అడ్డ బారు మాత్రం మీ కాలు కన్నా ఓ అంగుళం కిందకుండాలండి. లేపోతే ఆగినప్పుడల్లా దేవుడు కనపడతాడు. అంతేనండి."

ఫ్రేము ఎంపిక అయిపోయింది. ఆయన ముందున్న టీ ఇంకా చల్లారలేదు. నేను బుద్ధిగా ఇంటికి పోయి ఆ మాటలే దరఖాస్తుగా రాసి ఏప్రిల్ మూడున ఆఫీసులో ఇచ్చాను.

నా ఖర్మకొద్దీ సరిగ్గా ఆ వారమే పై నుంచి 'హరిత సంచార మహోద్యమం' అని ఒక సర్క్యులరు దిగింది. ఉద్యోగులు సైకిళ్ళ పట్ల ఉత్సాహం చూపవలెను, చూపిన ఉత్సాహాన్ని నెలవారీ నివేదికలో అంకెల్లో తెలుపవలెను. సైకిలు అన్న మాట ఉన్న కాగితం మా ఆఫీసు మొత్తానికి నాదొక్కటే. దాన్ని చూసి పర్యవేక్షక ఇంజినీరు ధర్మలింగం గారి కళ్ళు చెమర్చాయట. చెడ్డవారు కాదు. నిబంధన అంటే పడిచస్తారు, అంతే. ఇంట్లో కూర వండాలన్నా మూడు కొటేషన్లు అడుగుతారని ఆఫీసులో అనుకుంటారు.

నన్ను పిలిపించారు. పక్కన డిప్యూటీ ఇంజినీరు రత్నాజీ గారు కూర్చుని ఉన్నారు. ఎర్ర సిరా పెన్ను తప్ప వేరే పెన్ను పట్టని మనిషి.

"అమ్మాయ్, నీ దరఖాస్తు చరిత్రాత్మకం," అన్నారు ధర్మలింగం గారు. "అయితే ఇందులో ఒక మౌలిక దోషం ఉంది. ఫ్రేము నీ కాలికి సరిపోవాలని రాశావు."

"అవునండి. తొక్కేది నేను గదండి."

"ఇవాళ నువ్వు. రేపు నీకు బదిలీ అవుతుంది. ఎల్లుండి ఇంకొకరు వస్తారు. ఉద్యోగి అశాశ్వతం, ఆస్తి శాశ్వతం. శాశ్వతమైన దాన్ని అశాశ్వతమైన దానికి తగ్గట్టు కొనడం ఏ ఆర్థిక సూత్రం? ఫ్రేము శాఖకు సరిపోవాలి."

"శాఖకి కాళ్ళుంటాయాండీ?" అన్నాను. నోరు జారింది.

ధర్మలింగం గారికి కోపం రాలేదు. కాసేపు సీలింగు వైపు చూశారు. "మంచి ప్రశ్న. రత్నాజీ గారూ, రాసుకోండి. శాఖ కాలు ఎంత?"

అలా ఫ్రేము ఎంపిక సంఘం పుట్టింది. నన్ను వినియోగదారు ప్రతినిధిగా వేశారు. అంటే తలుపు దగ్గర నిలబడి, అడిగినప్పుడు అవునండి అనాలి.

మొదటి సమావేశం మూడు గంటలు నడిచింది. రాకపోకలు పరిపాలన విభాగం కిందికి వస్తాయి, గ్రావెలు నిర్వహణ విభాగం కిందికి, యాత్ర పర్యటనల విభాగం కిందికి. ఒక సైకిలు మూడు విభాగాల్లో ఎలా తిరుగుతుందని రత్నాజీ గారి ఆక్షేపణ. 'తేలికపాటి' యాత్ర అని రాశాను గనక ఆ తేలిక ఎన్ని కిలోలో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఎవరో కార్బన్ ఫ్రేము మాటెత్తితే పెద్ద గుమాస్తా గారు, "దానికి కింద తెల్ల కాగితం పెట్టాలాండీ?" అని నిజంగానే అడిగారు. చివరికి ఉక్కు అని తీర్మానించారు. ఉక్కు బలమని కాదు, స్టోర్సు రిజిస్టర్లో ఆ గడి ముందే ఉందని.

ఇక కాళ్ళు కొలవాలి. శాఖలో ఉన్నవాళ్ళం నాలుగు వందల పన్నెండు మందిమి. వేరే ఏ శాఖ అయినా దర్జీ టేపు తెచ్చేది. మాది జలమట్ట శాఖ. మేం దేన్ని కొలిచినా సముద్ర మట్టం నుంచే కొలుస్తాం. కాలువ గట్టైనా, లాకు తలుపైనా, గుమాస్తా కాలైనా అంతే. ఆఫీసు వరండాలో ముక్కాలి మీద లెవెలు దుర్బిణి బిగించారు. గుమ్మం రాయి మీద ఉన్న మట్టం గుర్తుని ఆధారంగా తీసుకున్నారు. ఒక్కొక్కరం పోయి ఎర్ర తెల్ల అంకెల చెక్క బద్ద కాళ్ళ మధ్య నిలబెట్టుకుంటే దుర్బిణిలోంచి చూసి చదవడం.

కార్యక్రమాన్ని ధర్మలింగం గారే ప్రారంభించారు. రిబ్బను కత్తిరించి, వరస నంబరు ఒకటిగా తమ కాలే ముందు కొలిపించుకున్నారు. ఫొటో తీశారు. రిజిస్టర్లో పేర్లు రాయకూడదని, ఉద్యోగుల గౌరవం దృష్ట్యా నంబర్లే ఉండాలని ఆజ్ఞ వేసిందీ ఆయనే.

నా వంతు వచ్చింది. రత్నాజీ గారు దుర్బిణిలోంచి చూసి గట్టిగా చదివారు. "నంబరు నూట డెబ్భై. కాలు పై మట్టం, సముద్ర మట్టానికి నాలుగు దశాంశం తొమ్మిది ఒకటి సున్నా మీటర్లు."

అమ్మ కడుపు చల్లగా, నా జన్మలో నేనంత పొడుగెప్పుడూ లేను.

ఆ తరువాత ప్రతి కాలులోంచీ నేల మట్టం తీసేశారు. ఆడవాళ్ళ విషయంలో చీర కుచ్చిళ్ళ దళసరికి ఆరు మిల్లీమీటర్లు తగ్గింపు ఇచ్చారు. నేను చుడీదారులో ఉన్నానన్నాను. తగ్గింపు ఉద్యోగినికే గానీ చీరకి కాదన్నారు. లెక్క కడితే సగటు ముప్పైముప్పావు అంగుళాలు తేలింది.

"ఆగండి," అన్నారు రత్నాజీ గారు. "మంజూరైన పోస్టులు నాలుగు వందల యాభై. ముప్పై ఎనిమిది ఖాళీలున్నాయి. ఆ కాళ్ళేవీ?"

నా ప్రాణం లేచొచ్చింది. ఖాళీ పోస్టుకి కాలు సున్నా గదా! సున్నాలు కలిపితే సగటు ఇరవై ఎనిమిది చిల్లరకు దిగుతుంది. చెక్క దిమ్మలు పెడల్సుకి కట్టుకునైనా తొక్కేస్తాను. తలుపు దగ్గర నుంచే, "అవునండి, అవునండి, సున్నా వేసెయ్యండి," అన్నాను.

ధర్మలింగం గారు బాధగా నా వైపు చూశారు. "భవిష్యత్తు మీద అంత నిరాశ ఎందుకమ్మాయ్? ఆ పోస్టులు ఒకనాటికి నిండుతాయి. నిండినప్పుడు నిండైన మనుషులే వస్తారు. తలకు ముప్పై ఆరు అంగుళాలు వేయండి."

పుట్టని బిడ్డల కాళ్ళు నా కాలు మీద పడ్డాయి. శాఖ సగటు కాలు ముప్పై ఒకటింపావు అంగుళాలని ప్రకటించారు.

ఈలోగా, వేసవికి కట్టేసిన కాలువకి నీళ్ళు వదిలారు. నేను ఊరుకోలేదు. కాలేషా గారి షాపులో అద్దె సైకిళ్ళ కాలం నాటి ఎర్ర బుల్లి సైకిలు ఒకటి మూల పడి ఉంటే, ఆయన దుమ్ము దులిపి, ట్యూబులు మార్చి ఇచ్చారు. "తొక్కండమ్మా, ఉద్యోగం కన్నానా," అన్నారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా పంటి బిగువున తొక్కుకుంటూ లాకుకి పోయి పదిహేడు రోజులు రీడింగులు తెచ్చాను. పదిహేడూ ఎర్ర సిరాతో తిరిగొచ్చాయి. 'అనధికార వాహనంపై వెళ్ళి చూసిన నీరు అధికారిక నీరుగా పరిగణింపబడదు' అని రాసి ఉంది.

ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. కాలువ నిండా నీళ్ళు, పుస్తకం నిండా అంకెలు. నా ఖాతాలో మాత్రం సున్నా.

జూను ఇరవైన ఫ్రేము వచ్చింది. మామిడి తోరణాలు కట్టి, చక్రాలు బిగించి, వరండాలో నిలబెట్టారు. బిగింపు పనికి పిలిచింది కాలేషా గారినే. ఆయన గొట్టాల్ని వేలితో కొట్టి చూశారు, అతుకుల మీద చెయ్యి తిప్పారు, ఫోర్కు సందులో బొటనవేలు పెట్టి చూశారు.

"బంగారం లాంటి ఫ్రేమండి," అన్నారు నాతో గుసగుసగా. "లావు టైర్లు పడతాయి. క్యారియరుకి కన్నాలున్నాయి. ఏ లోటూ లేదు. మీది కాదు, అదొక్కటే. అయినా కాలెంతో బారూ అంతే పెట్టేసేరేంటండి? సందేదండి?"

నేను బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కబోయాను. రత్నాజీ గారు 'ఆస్తి దుర్వినియోగానికి యత్నం' అని రాసుకున్నారు. సీటు దింపమన్నాను. పూర్తిగా దించినా బారు దిగదు గదా. దిమ్మలు కట్టుకుంటానన్నాను. ఆస్తికి మార్పులు నిషిద్ధం.

"మరి నన్నేం చెయ్యమంటారండి? కాళ్ళు సాగదీసుకోనా?"

"నువ్వు మారనక్కరలేదు," అన్నారు ధర్మలింగం గారు దయగా. "శాఖ ఫ్రేమును ఎన్నుకుంది. ఇప్పుడు ఫ్రేము ఉద్యోగిని ఎన్నుకుంటుంది. సరిగ్గా ముప్పై ఒకటింపావు అంగుళాల కాలు గలవారిని రిజిస్టరు నుంచి గుర్తించి, హోదాతో నిమిత్తం లేకుండా, సదరు ఫ్రేముపై నియమించవలెను."

ఆ సర్క్యులరు వెళ్ళిన మూడో రోజు నుంచీ ఆఫీసు నడక మారిపోయింది. మోకాళ్ళు వంచి నడిచేవాళ్ళు కొందరు, మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు కొందరు. కాలు ఈమధ్యే కురచైందని పందొమ్మిది మంది డాక్టరు సర్టిఫికెట్లు పెట్టారు. పొడుగైందని పెట్టినవారు ఇద్దరు. జూను ముప్పైన సంఘం కూర్చుని రిజిస్టరు తిరగేసింది. నాలుగు వందల పన్నెండు కాళ్ళలోనూ సరిగ్గా ముప్పై ఒకటింపావు ఉన్న కాలు ఒకటే ఉంది.

"వరస నంబరు ఒకటి," అని చదివారు రత్నాజీ గారు. చదివాక ఆ పెన్ను చేతిలోంచి జారింది.

నేను తలుపు పట్టుకుని నవ్వు బిగబట్టాను. ధర్మలింగం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకొకరైతే ఆ రిజిస్టరుని ఆ పూటే చెదలకి అప్పగించేవారు. ఆయన అలాంటి మనిషి కాదు.

"ఉత్తర్వు తయారు చేయండి. నిబంధన నా కాలికీ నిబంధనే. రేపటి నుంచి నా కుర్చీ బాధ్యతలు రత్నాజీ గారు చూస్తారు."

రత్నాజీ గారు అప్పుడే కుర్చీ వైపు ఓ చూపు చూశారు.

జూలై ఒకటిన పొద్దున్నే, యాభై ఏడేళ్ళ పర్యవేక్షక ఇంజినీరు గారు కాలేజీ రోజుల తరువాత మొదటిసారి సైకిలెక్కారు. వెనక ఎర్ర బుల్లి సైకిలు మీద నేను. నాకు ఇంకా తొంభై రెండు రోజులున్నాయి, రెండు రోజులకి మించి పోగొట్టుకోవడానికి లేదు. సందు లేని బారుతో ఆయనకు ఆగడం ప్రాణాంతకంగా ఉండేది. అందుకని ఆగకుండానే దూకేవారు. ఫ్రేము కాస్త దూరం సొంతంగా పోయి గడ్డిలో పడుకునేది. గీత పడితే ఒట్టు.

లాకు దగ్గర ఆయన చుట్టూ చూసి, "గేజి ఏదమ్మాయ్?" అన్నారు.

"మీ ఎదురుగానే ఉందండి. నీళ్ళలో."

మెట్ల పై నుంచి తొంగి చూసి, "ఏడు అడుగుల రెండు," అన్నారు.

"కాదండి. పై నుంచి చూత్తే అలాగే కనపడుద్దండి. కిందకి రండి, మెట్టు మీద బోర్లా పడుకోండి. ముందు ఆ నాచు తుడవాలండి. అల వచ్చి పోయాక, రెండో అల రాకముందు చూడాలండి."

ముప్పై రెండేళ్ళు నీటిమట్టాల నివేదికల మీద సంతకాలు పెట్టిన ఆ పెద్దమనిషి లాల్చీతో తడి మెట్టు మీద బోర్లా పడుకున్నారు. నాచు నేను తుడిచాను. ఆయన చాలాసేపు చూశారు.

"కళ్ళజోడు తడిసింది. ఏమీ కనబడటం లేదమ్మాయ్. నువ్వు చదువు."

చదివాను. ఆరు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆయన ఫ్రేము మీద కూర్చుని, ఒక కాలు మెట్టుకి ఆనించి, పుస్తకంలో రాశారు. అధికారిక ఫ్రేము, అధికారిక నీరు.

రోజూ అదే తంతు. వాన అంటే గొడుగు, ఎండ అంటే తువ్వాలు. శివారు టూర్లకి ఆయన పక్కబట్టలు క్యారియరు మీద కట్టింది నేనే. నెల తిరిగేసరికి ఆయన పొట్ట లాగేసింది, పద్యాలు పాడుకుంటూ తొక్కేవారు. గట్టు మీద రైతులు సైకిలాపి ఫలానా తూము కన్నం పూడిందని చెబితే, కాగితం పెట్టుకోమనకుండా తనే దిగి చూసేవారు. "ఈ గట్టు మ్యాపులో ఇంత అందంగా ఉండదమ్మాయ్," అన్నారొకసారి. నాకా మనిషి నచ్చాడు. ఎందుకు దాచాలి?

సెప్టెంబరు ముప్పైన తొంభై రెండు రీడింగులు పట్టుకుని సంఘం ముందుకి పోయాను. కుర్చీలో రత్నాజీ గారు. మూడు నెలల్లో ఆ కుర్చీకి కొత్త దిండు వచ్చింది. పుస్తకం తిరగేసి, ఎర్ర పెన్ను తీశారు.

"ఈ రీడింగులన్నీ ఫ్రేముపై నియమితులైన ఉద్యోగి పేరిట ఉన్నాయి. పల్లాలమ్మ పేరిట ఉన్నవి, సున్నా. ప్రొబేషను ముగిసినది. సేవలు చాలించడమైనది. సంతకం పెట్టండమ్మా."

నా కాళ్ళ కింద నేల పోయింది. సముద్ర మట్టం దాకా పోయింది. తొంభై రెండు పొద్దులు బోర్లా పడుకుని చూశాను గదండీ, ఆ నీళ్ళకైనా నేను తెలియదా?

ధర్మలింగం గారు లేచారు. ఎండకి నల్లబడ్డారు, మనిషి నిటారుగా ఉన్నారు. "రత్నాజీ గారూ, ఒక్క అంకె కూడా నేను చదవలేదు. నాకు కనబడదు. ఆవిడ లేకుండా ఆ ఫ్రేము రీడింగు ఇవ్వలేదు."

"కావచ్చు. కానీ ఉద్యోగిగా ఆమెకు రీడింగులు లేవు. నిబంధనలో మార్గం లేదు."

"ఉద్యోగిగా లేదు," అన్నారు ధర్మలింగం గారు. ఆయన ముఖంలో ఆ వెలుగు నేను మళ్ళీ చూశాను, సీలింగు చూసిన నాటి వెలుగు. "క్యారియరు లేకుండా ఫ్రేము సామాను మోయలేదు. అందుకని క్యారియరుని ఏమని రాశాం?"

"అనుబంధ పరికరమని."

"గంట?"

"అదీ అనుబంధమే."

"పల్లాలమ్మ లేకుండా ఫ్రేము నీరు చదవలేదు. రాయండి. గేజి రీడరు, ఒకటి. బిగించిన అనుబంధాన్ని ఎప్పుడు విడదీయవచ్చు?"

రత్నాజీ గారు నిబంధనావళి తిరగేశారు. తిరగేసేకొద్దీ ముఖం వాడిపోయింది. "ప్రధాన వస్తువు పాడై తొలగించినప్పుడు మాత్రమే."

కాలేషా గారిని నిపుణుడిగా పిలిపించారు. ఈ ఫ్రేము ఎన్నాళ్ళుంటుందని అడిగారు.

"ఉక్కండి బాబూ. వానలో వదిలెయ్యకుండా నూనె పెట్టుకుంటే మీ మనవలూ తొక్కుతారండి," అన్నారు కాలేషా గారు, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రమే ఆస్తి రిజిస్టర్లోకి ఎక్కాను. ఉక్కు ఫ్రేము ఒకటి, క్యారియరు ఒకటి, గంట ఒకటి, పల్లాలమ్మ ఒకటి. నాతోపాటు చదివి ఇంకా పరీక్షలు రాస్తున్న వాళ్ళకి ఫోను చేసి చెబితే, నవ్వారు, తరువాత ఇంకేమైనా సైకిళ్ళున్నాయా అని అడిగారు. కాలేషా గారు మాత్రం ఒకటే అడిగారు. "పర్మినెంటేనా అమ్మా?"

"పర్మినెంటేనండి."

"మరింకేంటండి!" అని ఆ ఎర్ర సైకిలు నాకే ఉంచేసుకోమన్నారు.

రిజిస్టర్లో నా పేరు కింద నిర్వహణ షరతులు కూడా ఉన్నాయి. ఫ్రేముకూ దాని అనుబంధాలన్నిటికీ ఏటా రెండుసార్లు నూనె పెట్టించవలెను. దీపావళికి ముందు రోజు ఆ షరతు ఉటంకిస్తూ, తలకి నూనె పెట్టించుకోవడానికి సెలవు కావాలని అరఠావు కాగితం రాసిచ్చాను. మధ్యాహ్నానికల్లా మంజూరై వచ్చేసింది. సంఘం లేదు, ఉపసంఘం లేదు. కింద రత్నాజీ గారి ఎర్ర సిరా మాత్రం ఉంది. 'నూనె పెట్టుటకు ముందు తుప్పు ఉన్నదీ లేనిదీ ధ్రువీకరించవలెను.'

తుప్పు లేదని రాసి, సంతకం పెట్టి, తలంటుకి ఇంటికి పోయాను.